గువ్వలబండ మెస్కాల్

మా మండలి పుట్టినప్పుడు దానికి పని లేదు. పని వెతకడానికి డైరెక్టరు గారు మెక్సికో వెళ్ళారు.

మండలి పూర్తి పేరు గ్రామీణ వారసత్వ పానీయాల పరిరక్షణ మండలి. నేను అందులో సీనియర్ అసిస్టెంటును, పేరు గోవర్ధనం. మాకు భవనం ఉంది, జీపు ఉంది, గుమ్మం మీద ఇత్తడి బోర్డు ఉంది, డైరెక్టరుగా నరహరి ప్రసాద్ గారున్నారు. పరిరక్షించడానికి పానీయం ఒక్కటే లేదు. కల్లు ఒక శాఖ కింద ఉంది. చెరకు రసం ఇంకో శాఖ కింద ఉంది. మజ్జిగ తనదంటే తనదని రెండు శాఖలు అప్పటికే కోర్టుకెక్కాయి.

డైరెక్టరు గారు అధ్యయన యాత్ర ముగించుకుని నెత్తిన గడ్డి టోపీతో దిగారు. ఆ రోజే సిబ్బందినందరినీ సమావేశపరిచారు.

"మిత్రులారా, మెస్కాల్ అనేది మద్యం కాదు. అది మట్టి చెప్పుకునే ఆత్మకథ," అని మొదలుపెట్టారు.

అక్కడి పల్లెల్లో కిత్తనార జాతి మొక్కలతో దాన్ని చేస్తారట. కమ్మలన్నీ నరికేస్తే మొదలు దగ్గర పెద్ద అనాసపండులాంటి గడ్డ మిగులుతుంది. నేలలో గొయ్యి తవ్వి, రాళ్ళు ఎర్రగా కాల్చి, గడ్డల్ని వాటి మీద పేర్చి, పైన మట్టి కప్పి రోజుల తరబడి మగ్గనిస్తారు. పొగవాసన అక్కడే పడుతుంది. తర్వాత గాడిద లాగే రాతి చక్రం కింద నలగ్గొట్టి, నీళ్ళు కలిపి చెక్కతొట్లలో పులియబెట్టి, మట్టికుండల్లోనో రాగి పాత్రల్లోనో రెండుసార్లు కాచి దించుతారు. మొక్కను బట్టి రుచి మారుతుంది. తోటలో పెంచినదానిది ఒక రుచి, కొండ మీద తనంతట తాను మొలిచినదానిది ఇంకో రుచి. కొన్ని జాతులు పక్వానికి వచ్చేసరికి నాటినవాడికి తల నెరుస్తుంది. ఒక ముసలాయన సరుకును ఎండు సొరకాయ బుర్రలో పోసి, పైన తేలే బుడగలు చూసి ఎంత ఘాటుగా ఉందో చెప్పేశాడట.

"ఆ బుడగల్లో నాకు మన రాష్ట్ర భవిష్యత్తు దర్శనమైంది," అన్నారు డైరెక్టరు గారు. ఆయన ఎన్ని బుర్రలు చూశాక దర్శనమైందో మేము అడగలేదు.

ఆ తర్వాతి వారం జీపులో గువ్వలబండ మీదుగా పోతున్నాం. ఆ ప్రాంతంలో వాన పడితే పేపర్లో వేస్తారు. వేరుసెనగ చేలు, చేల చుట్టూ అడవిపందులు రాకుండా కిత్తనార కంచెలు. డైరెక్టరు గారు హఠాత్తుగా డ్రైవరు భుజం పట్టుకున్నారు.

"ఆపు! గోవర్ధనం, ఏమిటవి?"

"కంచెలండి."

"కాదు. పరిశ్రమ."

పది రోజులు తిరక్కుండా గువ్వలబండ కంచెలన్నీ వారసత్వ వృక్షసంపదగా ప్రకటితమయ్యాయి. ప్రతి మొక్క మీదా సున్నంతో నంబరు వేశారు. మొక్క దొరికింది, ఊరు దొరికింది. కావలసింది సంప్రదాయం. చేతివృత్తి సరుకు అనిపించుకోవాలంటే కనీసం మూడు తరాల అనుభవం ఉండాలని డైరెక్టరు గారు మెక్సికో నుంచి నేర్చుకొచ్చారు. సంప్రదాయ తయారీదారు అనే పోస్టు ఒకటి సృష్టించి ప్రకటన ఇచ్చాం. మూడు తరాల అనుభవం ఉన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల లేకపోలేదు. అయితే వాళ్ళ అనుభవమంతా పోలీసు స్టేషన్లో నమోదై ఉంది కాబట్టి, ఎవరికీ సత్ప్రవర్తన ధ్రువపత్రం దొరకలేదు.

అలాంటి సమయంలో ఒకాయన తలపాగా చేతబట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. నుదుట విభూతి, మెడలో తులసిపూసలు.

"నా పేరు బట్టీల ఎర్రిస్వామి సార్. గువ్వలబండ. నా సేని కంచెకి ఎవరో నెంబర్లేసి పోయినారు. నేను ఆ కమ్మలు కోసి, నార దీసి, తాళ్ళు పేనుకునేటోణ్ణి. ఇబ్బుడు కోస్తే కేసు పెడ్తామంటాండారు."

డైరెక్టరు గారు కళ్ళజోడు తీశారు. "ఇంటిపేరు మళ్ళీ చెప్పండి."

"బట్టీల."

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. "గోవర్ధనం, వారికి కుర్చీ వెయ్యి."

ఎర్రిస్వామికి అనుమానం వచ్చింది. "సార్, మా తాత పెట్టింది సున్నపు బట్టీ. సున్నం గాల్చేటోడు. సారాయి గాదు. మా ఇంట్లో ఆ వాసనే పడదు. నేను బజన గుంపులో తాళం గొడతా."

"వినయం," అన్నారు డైరెక్టరు గారు నా వైపు తిరిగి. "నిజమైన వారసుల ప్రథమ లక్షణం."

ఉద్యోగం వద్దని ఎర్రిస్వామి చాలాసేపు చెప్పాడు. ఒప్పుకుంటే కంచె కమ్మలు కోసుకోవచ్చనీ, ఒప్పుకోకపోతే కేసు తప్పదనీ డైరెక్టరు గారు సౌమ్యంగా వివరించారు. ఎర్రిస్వామి నియామకపత్రాన్ని తలపాగాలో చుట్టుకుని, చావు కబురు మోసుకెళ్తున్నవాడిలా బస్సెక్కాడు.

ఇక అతడికి అతడి సంప్రదాయం నేర్పించాలి. రాజధాని నుంచి ఒక సలహాదారు వచ్చి, గువ్వలబండ బడిలో తెర కట్టి బొమ్మలు వేసి చూపించాడు. గొయ్యి ఎలా తవ్వాలి, రాళ్ళు ఎలా పేర్చాలి, పై మట్టి ఎలా కప్పాలి, అన్నీ చెప్పాడు. శిక్షణ చివర నోటి పరీక్ష పెట్టారు.

"మీ ముత్తాత గారు గొయ్యి ఎంత లోతు తవ్వేవారు?"

"మా ముత్తాతని నేను సూళ్ళేదు సార్."

"తప్పు. ఆరడుగులు."

ఎర్రిస్వామి తన వంశాచారంలో ఫెయిలయ్యాడు. దయతలచి సప్లిమెంటరీ పెట్టారు. ఈసారి అతడి భార్య హనుమక్క పక్కనే నిలబడి జవాబులు బట్టీ పట్టించింది. ఆమె ఇంట్లో ఉంటే గేదెలు కూడా తిన్నగా నడుస్తాయని ఊళ్ళో అంటారు. పరీక్షలో ఎర్రిస్వామి ముత్తాత గురించి తడుముకోకుండా చెప్పాడు. సలహాదారు కళ్ళు చెమర్చాయి.

చక్రం లాగడానికి గాడిద కావాల్సి వచ్చింది. గువ్వలబండలో గాడిదలు ఎప్పుడో పోయాయి. ట్రాక్టరుతో లాగిస్తే సంప్రదాయం చెడుతుంది. చివరికి ఒక ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా గాడిద వచ్చింది. దానికి ఆదివారం సెలవు, పండగలకు సెలవు. ఎర్రిస్వామికి మాత్రం లేవు, ఎందుకంటే అతడిది వంశపారంపర్యం.

రకాలు లేకపోతే మెస్కాల్‌కు మర్యాద ఉండదు. మెక్సికోలో కిత్తనారలు ఎన్నో జాతులు. గువ్వలబండలో ఉన్నది ఒకటే. సలహాదారు ఊరంతా తిరిగి, ఆ ఒక్క మొక్కే ఎక్కడెక్కడ పెరుగుతోందో చూసి, గట్టు రకం, వంక రకం, రైలుకట్ట రకం, వల్లకాటి రకం అని విభజించాడు. వల్లకాటి రకంలో లోతు ఎక్కువ అని రాశాడు. ఊళ్ళో ఎవరూ కాదనలేదు.

గొయ్యి తవ్వారు, రాళ్ళు కాల్చారు. మట్టి కప్పిన గొయ్యి మీంచి సన్నగా పొగ లేస్తుంటే ఊరంతా వచ్చి చూసింది. తర్వాత గడ్డల్ని నలగ్గొట్టి, ఆ పిప్పిని తొట్టిలో వేసి, ఊరి బోరునీళ్ళు పోసి పులియబెట్టబోతుండగా మోటారు సైకిలు ఆగింది. దిగినాయన మద్య నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరు రుద్రయ్య. పొట్టిగా, గట్టిగా, మంచి మనిషే. నిబంధన కనిపిస్తే మాత్రం ఆయనకు ఇంకేమీ కనిపించదు.

"ఎవరిదీ బట్టీ?"

"ప్రభుత్వానిది," అన్నారు డైరెక్టరు గారు గర్వంగా.

"పులియబెట్టుటకు అనుమతి ఉన్నదా?"

"మేము ప్రభుత్వం."

"మేము కూడా," అన్నాడు రుద్రయ్య.

రెండు శాఖల మధ్య ఉత్తరాలు నడిచాయి. తయారు చేసి తీరాలని మాది. తయారు చేస్తే అరెస్టు అని వాళ్ళది. ఎర్రిస్వామి ఉద్యోగం మానేస్తే మేము కేసు పెట్టాలి, చేస్తే వాళ్ళు పెట్టాలి. పాపం అతడు రెండు చొక్కాలు ఒక సంచీలో సర్దుకుని అరుగు మీద కూర్చునే ఉండేవాడు, ఎవరు ముందొస్తే వాళ్ళతో వెళ్దామని.

ఆఖరుకు పైస్థాయిలో రాజీ కుదిరింది. ఆ ఆదేశాన్ని డైరెక్టరు గారే ఊరివాళ్ళకు చదివి వినిపించారు. "వారసత్వ మెస్కాల్‌ను సంప్రదాయబద్ధంగా ఉత్పత్తి చేయవచ్చును. అయితే ఏ దశలోనూ పులియబెట్టరాదు. అంతిమ ఉత్పత్తిలో మత్తు పదార్థము లేశమాత్రమూ ఉండరాదు."

"అంటే?" అంది హనుమక్క.

"అంటే విజయం," అన్నారు డైరెక్టరు గారు.

పాత పిప్పి పారబోసి, కొత్తగా నలగ్గొట్టి బోరునీళ్ళు కలిపిన పులియని రసాన్ని రాగి పాత్రలో పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కంపకట్టెలు పెట్టి మంట వేశారు. ఆవిరి గొట్టంలోంచి పాకి, చల్లటి తొట్టిలోంచి తిరిగి, చుక్కలు చుక్కలుగా కిందికి దిగింది. ఎర్రిస్వామి చెవులు రెండూ పట్టుకుని దేవుడికి చెప్పుకుని, మొదటి ధార గ్లాసులో పట్టి డైరెక్టరు గారికిచ్చాడు. ఆయన కళ్ళు మూసుకుని తాగారు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. చాలాసేపటికి కళ్ళు తెరిచారు.

"ఎంత నిరాడంబరత!" అన్నారు.

హనుమక్క గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. పుక్కిలించి చూసింది.

"ఇవి నీళ్ళు," అంది.

"మెస్కాల్," అన్నారు డైరెక్టరు గారు.

"నీళ్ళే సామీ. రోంత పొగవాసన ఉండాది, అంతే. మంచి నీళ్ళు. మా బోరునీళ్ళ మాదిరి చవ్వగా లేవు."

ఆ ఊరి సంగతి నాకు అప్పుడు తెలిసింది. గువ్వలబండ బోరునీళ్ళలో ఫ్లోరైడు. పిల్లల పళ్ళు గోధుమరంగు తిరిగి ఉంటాయి. నలభై దాటినవాళ్ళకు నడుము వంగితే లేవదు, లేస్తే వంగదు. హనుమక్క మోకాళ్ళు ముడవలేక, నిలబడే రొట్టెలు చేసుకునేది. నీళ్ళ కోసం వాళ్ళు అర్జీ పెట్టని ఆఫీసు లేదు. ట్రాక్టరు వాడు తెచ్చే డబ్బానీళ్ళు కొనగలిగిన ఇళ్ళు తక్కువ. ఇప్పుడు వాళ్ళ బోరునీళ్ళే, మెస్కాల్ పేరుతో, ఆవిరై, శుభ్రపడి, రాగి గొట్టంలోంచి వస్తున్నాయి.

హనుమక్క ఇంటికెళ్ళి బిందె తెచ్చింది. వెనకాల వీధి వీధంతా బిందెలతో వచ్చింది.

ఇంత అమ్మకం ఉంటుందని మా అంచనాల్లో లేదు. డైరెక్టరు గారు పొంగిపోయి ధర చాలా తగ్గించారు. ఒక్క చిక్కుంది. దీన్ని నీళ్ళు అంటే ఇది నీటి సరఫరా వాళ్ళ కిందికి పోతుంది. ఆ శాఖ గువ్వలబండకు నీళ్ళు ఇచ్చేశామని ఏనాడో రాసుకుంది కాబట్టి వెంటనే ఆపించేస్తుంది. అందుకని ఊళ్ళో దీన్ని నీళ్ళు అనకూడదని డైరెక్టరు గారు అందరినీ కోరారు.

"యేమన్నా అంటాం సామీ. బిందె నిండితే సాలు," అంది హనుమక్క.

కంచెలు తగ్గిపోతే పందులు చేలో పడతాయని రైతులు మొత్తుకుంటే, కాచినప్పుడల్లా ఒక్క కమ్మ ముక్క వేసినా అది మెస్కాలే అవుతుందని సలహాదారు సవరణ తెచ్చాడు. నంబర్లు చెరిపేశారు. ఎర్రిస్వామికి కూడా ప్రాణం కుదుటపడింది. పొయ్యి దగ్గర భజన పాటలు పాడుకుంటూ మంట ఎగదోసేవాడు.

మద్యం అన్నాక మద్యం నిబంధనలు వర్తిస్తాయి. రుద్రయ్య రోజూ గొట్టం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బడిపిల్లలు గ్లాసులతో వస్తే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇరవై ఒకటి నిండనివారికి ఇయ్యరాదు."

"మల్ల పిల్లోళ్ళు యేం తాగల్లప్పా?" అని తల్లులు ఆయన మీదికి వచ్చారు.

"బోరునీళ్ళు. వాటికి వయోపరిమితి లేదు."

నాలుగు రోజులు గొడవైంది. ఆ గొడవ పైకి వెళ్ళి, వంటలో వాడే మద్యానికి వయోపరిమితి వర్తించదనే వివరణతో తిరిగొచ్చింది. అప్పటి నుంచి తల్లులు గ్లాసులో ఒక ఉప్పుకల్లు వేసి, చారు అని చెప్పి పిల్లలకు పట్టించేవారు.

"ఏం కల్లు?" అన్నాడు రుద్రయ్య లేచి.

"ఉప్పుకల్లు సామీ, ఉప్పు!"

ఆయన నాలుక మీద వేసుకుని చూసి గానీ కూర్చోలేదు. గాంధీ జయంతి రోజు బట్టీ మూత. ఎన్నికలైతే రెండు రోజులు మూత. ఆ రోజుల్లో ఊరంతా మందు లేక అల్లాడిపోయింది. ఆ ముందు సాయంత్రం ఆడవాళ్ళు బిందెలు, చెంబులు, బాల్చీలు నింపి దాచుకుంటుంటే, అదే దారిన పోయే పక్కూరివాళ్ళు గువ్వలబండ ఆడోళ్ళు చెడిపోయారని చెప్పుకున్నారు.

అయినా ఆ ఏడాది బాగా గడిచింది. ఎండాకాలం అయ్యేసరికి హనుమక్క పీట వేసుకుని కూర్చుని రొట్టెలు చేసింది. మంచినీళ్ళ వల్లనో, నీళ్ళ అర్జీలతో ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పి మోకాళ్ళకు విశ్రాంతి దొరకడం వల్లనో నేను చెప్పలేను. ఆమె మాత్రం మెస్కాల్ వల్లనే అని ఖాయంగా చెప్పేది.

అప్పుడు డైరెక్టరు గారు దాన్ని రాజధానికి తీసుకెళ్ళారు.

పెద్ద హోటల్లో రుచి చూసే కార్యక్రమం. నేను సీసాలు మోశాను. అక్కడివాళ్ళు గ్లాసు పట్టుకునే పద్ధతే వేరు. వాసన చూశారు, వెలుతురుకు ఎత్తి చూశారు, నోట్లో తిప్పుకున్నారు. ఒకామె గట్టు రకం తాగి, "వాన వెలిశాక బండరాయి," అంది. ఒకాయన వంక రకం తాగి, చాలా సూక్ష్మంగా ఉందన్నాడు. వల్లకాటి రకం అందరూ లేచి నిలబడి తాగారు. ఒక ముసలి రసికుడు కళ్ళు తుడుచుకుని, "ఇందులో ఏమీ లేదు. ఇంత ఏమీ లేకపోవడం నేనెక్కడా తాగలేదు," అన్నాడు. ఎంత తాగినా పొద్దున తలనొప్పి రాకపోవడంతో గువ్వలబండ మెస్కాల్ పేరు నగరమంతా పాకిపోయింది.

ఆర్డర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. డైరెక్టరు గారు ఊరికి వచ్చి సభ పెట్టారు. గువ్వలబండ ప్రపంచ పటంలోకి ఎక్కిందనీ, ఇకమీదట ప్రతి చుక్కా నగరానికే పోవాలనీ, స్థానిక విక్రయాలు తక్షణమే నిలిపివేస్తున్నామనీ ప్రకటించారు.

"మల్ల మేము?" అంది హనుమక్క.

"మీరు గర్వించాలి."

మర్నాటి నుంచి లారీ రావడం మొదలైంది. బిందెలు పట్టుకుని వచ్చినవాళ్ళను రుద్రయ్య తిప్పి పంపించాడు. ఆయనకూ బాధగానే ఉంది, కానీ ఆర్డరు ఆర్డరే. పిల్లలు మళ్ళీ బోరు పంపు దగ్గర నోళ్ళు పెట్టారు. ఎర్రిస్వామి పాటలు ఆపేశాడు. గొట్టం కింద సీసాలు మారుస్తూ, తలెత్తి ఎవరి మొహమూ చూసేవాడు కాదు. ఎదురింటి మనవరాలు గ్లాసుతో వచ్చి, "తాతా, చారు," అంటే, ఇవ్వలేక, అక్కడున్న గాడిదను కసురుకున్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద నేనూ ఉన్నాను. లారీ లెక్క చూడడానికి నన్ను అక్కడే ఉంచారు. హనుమక్క మొగుడి ముందు కూర్చుంది.

"యోవ్, పట్నమోళ్ళకి ఈ సరుకు యెందుకు నచ్చిందంటావ్?"

"అందులో యేం లేదు గాబట్టి."

"అందులో యేమన్నా ఉంటే?"

ఎర్రిస్వామికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తులసిపూసలు పట్టుకున్నాడు. "పాపమే. నేను బజన జేసేటోణ్ణి. నా సేత్తో సారాయి కాంచమంటావా?"

"నువ్వేం జెయ్యొద్దు. గడ్డలు కాల్చి, నలగ్గొట్టి, నీళ్ళు పోసి ఊరికే కూసో. నాలుగు దినాలు యేమీ జెయ్యొద్దు. అదే పులుస్తాది."

పులియబెట్టడం అంటే చేయాల్సిన పనిని నాలుగు రోజులు చేయకుండా ఉండడమే అని నాకు అప్పుడు తెలిసింది. ఆ విద్యలో మా మండలి అంతా ఆరితేరినవాళ్ళమే గానీ, దానికి అంత బలం ఉంటుందని ఎవరమూ అనుకోలేదు.

ఎర్రిస్వామి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు తన చేని మూలన ఉన్న పెద్ద కిత్తనారను, తాత నాటినదాన్ని, తనే నరికాడు. గొయ్యిలో కాల్చాడు. తొట్టి మీద గోనెపట్టా కప్పి, దాని పక్కన కూర్చుని తాళం వాయిస్తూ దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాడు. గోనెపట్టా కింద సన్నగా బుసబుసలు వినిపించాయి. రుద్రయ్య రెండుసార్లు అటు చూశాడు. నిబంధన ప్రకారం మూత తీసి వాసన చూడాలి. ఆయన తనకు జలుబు చేసిందని నాతో చెప్పాడు.

నాలుగు రోజులయ్యాక కాచి దించిన ఆ సరుకు వల్లకాటి రకం సీసాల్లో నగరానికి వెళ్ళింది.

మూడు రోజుల్లో గగ్గోలు పుట్టింది. పెద్ద హోటల్లో విందుకొచ్చిన పెద్దమనుషులు అలవాటు ప్రకారం గ్లాసుల మీద గ్లాసులు పోయించుకున్నారు. వాన వెలిశాక బండరాయి అన్నామె బల్లెక్కి కోలాటం వేసిందట. ముసలి రసికుడు తన వీలునామా పైకి చదివాడట. పొద్దున్నకి అందరికీ తలలు పగిలిపోయాయి. పేపర్లన్నీ ఒకే మాట రాశాయి: గువ్వలబండ మెస్కాల్‌లో మద్యం కల్తీ.

డైరెక్టరు గారు జీపులోంచి దూకినట్టుగా దిగారు. వెంట విచారణ సంఘం. బట్టీ ముందు బల్ల వేశారు. ఊరంతా చుట్టూ నిలబడింది.

"మద్యంలో మద్యం కలిపింది ఎవరు?" అని గర్జించారు డైరెక్టరు గారు.

ఎర్రిస్వామి సర్దుకున్న సంచీతో ముందుకొచ్చాడు.

"నేనే సార్. కలపలేదు. కాంచినా. మీరు సెప్పిచ్చిన సంప్రదాయం ఎట్లుందో అట్లనే కాంచినా. మీ పరీచ్చలో ఆ జవాబుకే గదా నాకు మార్కులేసింది. జైలుకి పొయ్యేకి సంచి గూడా తెచ్చుకున్యా."

సంఘంవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. సంప్రదాయం ప్రకారం చేయడం నేరమని రాస్తే సంప్రదాయాన్ని మంజూరు చేసిన మండలి నేరం చేసినట్టు. నేరం కాదని రాస్తే నియంత్రణ శాఖ ఊరుకోదు. లోపలికెళ్ళి చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. అంతసేపూ ఎర్రిస్వామి సంచీ చంకలో పెట్టుకుని ఎండలో నిలబడే ఉన్నాడు. హనుమక్క వచ్చి అతడి పక్కన నిలబడింది. ఎదురింటివాళ్ళొచ్చారు. కాసేపటికి అక్కడ కూర్చున్నవాళ్ళు రుద్రయ్యా, గాడిదా తప్ప ఎవరూ లేరు.

తీర్మానం డైరెక్టరు గారే చదివారు. "సదరు బట్టీ ఉత్పత్తి నగర వినియోగమునకు పనికిరానిదిగా నిర్ధారించడమైనది. ఇకమీదట ఒక్క చుక్క కూడా గ్రామ పొలిమేర దాటరాదు. తయారీదారు వంశపారంపర్యము గనుక అతనిని తొలగించుటకు వీలుపడదు."

"బట్టీ మూసేస్తారా?" అని అడిగాడు ఎర్రిస్వామి.

డైరెక్టరు గారు గొంతు తగ్గించారు. "మూస్తే ఎందుకు తెరిచామో చెప్పాల్సి వస్తుందయ్యా." మళ్ళీ గొంతు పెంచి చదివారు. "బట్టీ యథాతథంగా నడుచును. ప్రతిదినము ఉత్పత్తియైన యావత్తు సరుకును ఉత్పత్తి స్థలములోనే, బాధ్యతగల ఉద్యోగి సమక్షమున ధ్వంసము చేయవలెను."

రుద్రయ్య చెయ్యెత్తాడు. "సార్, మద్యమును నేలపై పారబోయుట పర్యావరణ నిబంధనలకు విరుద్ధం. మురుగులో కలుపుట కూడా విరుద్ధం."

డైరెక్టరు గారు నీరసించిపోయారు. "మరి ఎలా ధ్వంసం చేస్తారు?"

"మేం జేస్తాంలే సామీ," అంది హనుమక్క. "దినామూ పొద్దున్నే వచ్చి, ఒక్క సుక్క మిగలకుండా మేమే ద్వంసం జేస్తాం."

సంఘం ఆమె సేవాభావాన్ని ప్రశంసిస్తూ ఒక వాక్యం చేర్చింది. డైరెక్టరు గారు ఆ నెలాఖరులో టీ గురించి అధ్యయనానికి జపాన్ వెళ్ళారు. బాధ్యతగల ఉద్యోగిగా నన్ను గువ్వలబండకు బదిలీ చేశారు.

నేను చేరిన మొదటి ఉదయం ఎర్రిస్వామి పొయ్యి రాజేసి పాట ఎత్తుకున్నాడు. కమ్మ ముక్క ఒకటి వేశాడు, మూత బిగించాడు. గొట్టంలోంచి ధార మొదలైంది. వీధి మలుపులో బిందెల చప్పుడు వినిపించింది. ముందు హనుమక్క, వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక స్కూలు సంచులతో పిల్లలు. రుద్రయ్య వరసలో నిలబెట్టాడు. ఎవరి వయసూ అడగలేదు. ధ్వంసం చేయడానికి వయోపరిమితి లేదట. పొద్దెక్కేసరికి సరుకంతా పూర్తయింది.

నేను ధ్వంసం రిజిస్టరులో సంతకం పెట్టబోతుంటే ఎర్రిస్వామి ఒక గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు.

"మీ వంతు సార్."

ఎండ చురుక్కుమంటోంది. నేనూ ఒక గ్లాసు ధ్వంసం చేశాను.